పాత డీజిలు లారీలో బ్రేకు బిగియుట, స్టీరింగు బరువెక్కుట: లోపమును కనుగొను విధము

వానకాలపు పంటయైనను యాసంగి పంటయైనను, కోతలు ముగిసిన వెంటనే మన బోయినపల్లి మండలమున ధాన్యము కల్లములనుండి కొనుగోలు కేంద్రములకును, అచ్చటినుండి మిల్లులకును బయలుదేఱును. ఆ పనికి ట్రాక్టరుతోపాటు చిన్న డీజిలు లారీయు ఆధారము. మన ప్రాంతమున నిట్టి లారీ యే కంపెనీదైనను దానిని ‘డీసీఎం’ అనియే పిలుతురు. 1980వ దశకమున డీసీఎం కంపెనీయు, జపాను దేశపు టొయోటా కంపెనీయు కలిసి మన దేశమున తయారుచేసిన లారీలవలన ఈ పేరు వచ్చినది. ఆ లారీల తయారీ నిలిచిపోయినను పేరు మాత్రము మిగిలినది. 1986లో బయటికి వచ్చిన టాటా 407 బండియు నీ తరగతిలోనిదే. ఇరువదేండ్లు నడిచిన బండ్లు నేటికిని గ్రామములలో ధాన్యమును, ఎరువులను, పశుగ్రాసమును మోయుచున్నవి.

ఇట్టి పాత బండికి వచ్చు లోపములలో రెండు మిక్కిలి అపాయకరములు. మొదటిది, బ్రేకు పెడలు రాయివలె గట్టిపడుట. రెండవది, స్టీరింగు బరువెక్కుట. వీనిలో నేది వచ్చినను తఱచుగా జరుగునదేమనగా, ముందు బూస్టరు మార్తురు, లోపము పోదు. పిమ్మట పంపు మార్తురు, అప్పటికిని పోదు. తుదకు వదులైన బెల్టొకటి బయటపడును. వృథాగా డబ్బు పోవుట యొక నష్టము. లోపము తీరినదను నమ్మకముతో నిండు బరువు నెత్తుకొని దారిపట్టుట అంతకంటె పెద్ద నష్టము. ఏలయన అచ్చట పోవునది ప్రాణము. కావున విడిభాగమును మార్చుటకు ముందు కారణమును కనుగొనవలయును. బండి గల సభ్యులును, బండిని కిరాయికి పిలుచు సభ్యులును ఈ పాఠమును శ్రద్ధగా చదువవలెనని కోరుచున్నాను.

ముందొక సంగతి తెలిసికొనుడు. పెద్ద లారీలలో చాలవాటికి గాలి బ్రేకులుండును. వాటియందు కంప్రెసరు గాలిని ట్యాంకులలో నింపును. డ్రైవరు ముందు గాలి ఒత్తిడిని చూపు గేజి యుండును. పెడలు వదలినపుడు ‘బుస్’ మను చప్పుడు వచ్చును. అట్టి బండ్లకు వాక్యూమ్ పంపు ఉండదు. నూనె బ్రేకును వాయుశూన్యము తోడ్పాటుతో నడుపు చిన్న లారీలకును, పికప్ బండ్లకును మాత్రమే ఈ పాఠములోని బ్రేకు భాగము వర్తించును.

1. శూన్యము బ్రేకునకు తోడ్పడు విధము

మనచుట్టునున్న గాలికి బరువు కలదు. అది ప్రతి చదరపు సెంటీమీటరు మీదను సుమారు ఒక కిలో బరువుతో నొత్తుచుండును. అన్ని వైపులనుండి సమముగా నొత్తుటచేత మన కది తెలియదు. ఒకవైపు గాలిని తీసివేసినచో రెండవవైపు గాలి బలము బయటపడును. పదునేడవ శతాబ్దిలో జర్మనీ దేశమందలి మగ్డెబర్గు నగరవాసియైన ఒట్టో ఫాన్ గెరికె యనునతడు రెండు లోహపు అర్ధగోళములను చేర్చి, లోపలి గాలిని పంపుతో తీసివేసి, వాటిని రెండువైపుల గుఱ్ఱములచే లాగించి చూపెను. గుఱ్ఱములు వాటిని విడదీయుట మిక్కిలి కష్టమయ్యెను. బ్రేకు బూస్టరులో పనిచేయు బలము నిదియే.

బూస్టరనగా పెడలుకును, బ్రేకు నూనె సిలిండరునకును నడుమ గుండ్రని రేకు డబ్బా. దానిలో నొక రబ్బరు పొర కలదు. కాలు పెట్టనప్పుడు పొరకు రెండువైపులను శూన్యమే. పెడలు త్రొక్కగానే చిన్న వాల్వు తెఱచుకొని, పెడలువైపు బయటి గాలి లోనికి వచ్చును. ఆ గాలి పొరను ముందుకు నెట్టును. పొర అడ్డుకొలత 22 సెం.మీ. అనుకొందము. దాని వైశాల్యము సుమారు 380 చదరపు సెంటీమీటర్లు. శూన్యము పాదరసపు కొలతలో 500 మి.మీ. ఉన్నచో మనకు లభించు తోడ్పాటు సుమారు 250 కిలోల బలము. అది లేనపుడు ఈ పని యంతయు డ్రైవరు కాలే చేయవలయును. పెడలు గట్టిపడుటకు కారణమిదియే.

పెట్రోలు ఇంజనులో గాలిని అదుపుచేయు తలుపు ఉండుటచేత శూన్యము తనంతట దొరకును. డీజిలు ఇంజను సామాన్యముగా గాలిని అడ్డములేక పీల్చుకొనును. కావున దానికి వేఱుగా వాక్యూమ్ పంపు అవసరమగుచున్నది. అనేక బండ్లలో నీ పంపు ఆల్టర్నేటరు వెనుక, దాని ఇరుసుకే బిగింపబడియుండును. కొన్నిటిలో ఇంజను గేరు దానిని త్రిప్పును. పంపు లోపలి రెక్కలు గాలి చొరకుండ అతుకుకొని తిరుగుటకు ఇంజను ఆయిలు సన్నని పైపుద్వారా వచ్చి, మఱియొక పైపుద్వారా మరల ఇంజనులోనికి పోవును.

బావిపై మోటారు నడిపిన రైతునకు ఇది క్రొత్త సంగతి కాదు. పీల్చు పైపునకు చిన్న రంధ్రము పడినచో మోటారు తిరుగును గాని నీరు రాదు. ఫుట్‌వాల్వు కారినచో రాత్రి నిండియున్న పైపు ఉదయమునకు ఖాళీయగును. బ్రేకు బూస్టరు పైపునందును ఫుట్‌వాల్వు వంటి ఒకవైపు వాల్వు కలదు. ఇంజను ఆగినను బూస్టరులోని శూన్యమును అది కాపాడును.

2. స్టీరింగునకు తోడ్పాటు

పవర్ స్టీరింగులో పనిచేయునది గాలి కాదు, నూనె. ఇంజను త్రిప్పు పంపొకటి డబ్బాలోని నూనెను పీల్చి, గట్టి గొట్టముద్వారా స్టీరింగు బాక్సునకు నెట్టును. చక్రము త్రిప్పిన వైపునకు బాక్సులోని వాల్వు నూనెను పంపును. పని ముగిసిన నూనె వేఱొక పైపుద్వారా డబ్బాకు తిరిగివచ్చును. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు 1926లోనే దీనిని కారునందు అమర్చి చూపెను. 1951లో క్రైస్లర్ కంపెనీ దీనిని కార్లలో అమ్మకమునకు తెచ్చెను. చక్రమును గట్టిగా త్రిప్పునపుడు గొట్టములోని ఒత్తిడి మిక్కిలి హెచ్చు. చదరపు సెంటీమీటరునకు నూఱు కిలోలవఱకును పోగలదు. అందుచే ఇంజను నడుచుచుండగా కారుచున్న గొట్టమును చేతితో తడుమరాదు. సన్నని ధారగా వచ్చు నూనె చర్మమును చీల్చుకొని లోనికి పోవును. అట్టి గాయము చిన్నదిగా కనబడినను వెంటనే ఆసుపత్రికి పోవలయును. కారుట ఎచ్చటనో తెలియుటకు అట్టముక్కను ముందు పట్టి చూడుడు.

3. రెండును ఒకేసారి చెడినచో

ఈ పాఠమున ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన సూత్ర మిది: రెండు లోపములు ఒకేసారి కనబడినపుడు, రెంటికిని ఉమ్మడియైన కారణమును ముందు వెదకవలయును. నిన్నటివఱకు బాగున్న రెండు యంత్రములు ఒకే దినమున వేర్వేఱు కారణములచేత చెడుట అరుదు.

ఉమ్మడి కారణములలో మొదటిది ఇంజనే. ఇంజను ఆగినను, మిక్కిలి మెల్లగా తిరుగుచున్నను రెండు తోడ్పాటులును తగ్గును. రెండవది బెల్టు. ఆల్టర్నేటరును, దాని వెనుకనున్న వాక్యూమ్ పంపును ఒకే బెల్టు త్రిప్పును. కొన్ని బండ్లలో స్టీరింగు పంపును, నీటి పంపును గూడ అదియే త్రిప్పును. కావున బ్రేకు గట్టిపడి, అదే సమయమున బ్యాటరీ ఎఱ్ఱదీపము వెలిగినచో బూస్టరును ముట్టకుడు. ముందు బెల్టును చూడుడు. ఇంజను వేడియు నెక్కుచున్నచో బెల్టు తెగినదని యించుమించు నిశ్చయముగా చెప్పవచ్చును. మూడవది ఉమ్మడి ఇరుసు. అమెరికాలో 1989 మోడలునుండి కమ్మిన్స్ డీజిలు ఇంజనుతో వచ్చిన డాడ్జి పికప్ బండ్లలో వాక్యూమ్ పంపును, స్టీరింగు పంపును ఒకదాని వెనుక నొకటిగా జతపఱచి, ఇంజను గేరుచే త్రిప్పించిరి. అట్టి జతలో నడుమనున్న సీలు చెడినచో కారునది ఇంజను ఆయిలు. చూచువాడు మాత్రము స్టీరింగు నూనె కారుచున్నదని భ్రమపడి స్టీరింగు పంపును మార్చును. కారిన నూనెను తెల్లని గుడ్డతో తుడిచి చూచినచో సందేహము తీరును. నడిచిన డీజిలు ఇంజను ఆయిలు నల్లగా నుండును. స్టీరింగు నూనె చాల బండ్లలో ఎఱ్ఱగా నుండును.

4. బ్రేకు పరీక్షలు

బండిని సమతల భూమిపై నిలిపి, చక్రములకు ముందును వెనుకను చెక్క దిమ్మెలు గాని రాళ్లు గాని పెట్టి, గేరు న్యూట్రలులో నుంచి, హ్యాండ్ బ్రేకు వేసి ఈ పరీక్షలు చేయవలయును.

మొదట పెడలు స్వభావము చూడుడు. పెడలు గట్టిగానుండి కదలకున్నచో శూన్యపు లోపము. పెడలు మెత్తగా క్రిందికి దిగిపోవుచున్నచో అది బ్రేకు నూనె లోపము; అనగా నూనె కారుటయో, గొట్టములో గాలి చేరుటయో, మాస్టర్ సిలిండరు వాషర్లు అరుగుటయో. ఈ రెండవ లోపమునకు వాక్యూమ్ పంపు మార్చి ప్రయోజనము లేదు. అట్టి బండిని కదలింపనే రాదు.

మొదటి పరీక్ష: ఇంజను ఆపి, పెడలును ఐదాఱుసార్లు త్రొక్కి గట్టిపడనిండు. కాలు దానిపైననే ఉంచి ఇంజను నడుపుడు. కొన్ని క్షణములలో పెడలు కొంచెము క్రిందికి దిగినచో పంపును, బూస్టరును పనిచేయుచున్నవి. దిగకున్నచో శూన్యము బూస్టరునకు చేరుటలేదు, లేక బూస్టరు చెడినది.

రెండవ పరీక్ష: ఇంజనును రెండు నిమిషములు నడిపి ఆపుడు. ఐదు నిమిషములు ఆగి పెడలు త్రొక్కుడు. మొదటి రెండు మూడు త్రొక్కులు మెత్తగానుండి, ఒకదానికంటె నొకటి గట్టిపడవలెను. మొదటి త్రొక్కే గట్టిగానున్నచో శూన్యము నిలుచుటలేదు. ఒకవైపు వాల్వును, హోసు పైపును, బిగింపు క్లిప్పులను చూడవలయును.

మూడవ పరీక్ష: ఇంజను నడుచుచుండగా పెడలు త్రొక్కిపట్టి ఇంజను ఆపుడు. అర నిమిషము అట్లే పట్టియుండుడు. పెడలు కాలిని మీదికి నెట్టినచో బూస్టరు పొర గాని దాని వాల్వు గాని గాలిని వదలుచున్నది. పెడలు దగ్గఱ ‘సుయ్’ మను చప్పుడు విడువక వచ్చినను ఇదే అర్థము.

నాలుగవ పరీక్ష: బూస్టరువద్ద హోసు ఊడదీసి, ఇంజను నడుచుచుండగా దాని కొనపై బొటనవ్రేలు పెట్టుడు. గట్టిగా పీల్చినచో పంపు మంచిది, లోపము బూస్టరులోనిది. పీల్పు బలహీనముగానున్నచో పంపువద్దనే హోసు ఊడదీసి చూడుడు. అచ్చట గట్టిగా పీల్చి, ఇచ్చట పీల్చకున్నచో నడుమనున్న హోసో వాల్వో చెడినది. పాత హోసు పైకి బాగున్నను లోపల పొరలు ఊడి దారిని మూయును. మెకానిక్కు వద్ద వాక్యూమ్ గేజి యున్నచో వ్రేలికి బదులు దానిని పెట్టించుడు. మంచి పంపు ఒక నిమిషములోపల 500 మి.మీ. దాటి చూపవలెను, బండి పుస్తకములో వేఱు కొలత యున్నచో దానినే ప్రమాణముగా కొనుడు.

పంపు బలహీనమని తేలిన పిదప గూడ వెంటనే దానిని మార్చరాదు. బెల్టు బిగువు, ఇంజను ఆయిలు మట్టము, ఆయిలు వచ్చు సన్న పైపు, తిరిగిపోవు పైపు, ఈ నాలుగింటిని చూడవలయును. వచ్చు పైపు మూసికొనినచో రెక్కలు ఎండి అరుగును. క్రొత్త పంపు పెట్టినను అదియు త్వరలోనే చెడును. తిరిగిపోవు పైపు మూసికొనినచో ఆయిలు సీలును దాటి ఆల్టర్నేటరులోనికి పోయి, చార్జింగు చెడును. బూస్టరు హోసులో ఆయిలు కనబడినచో ఒకవైపు వాల్వును గూడ పరీక్షింపుడు; ఆయిలు తగిలిన రబ్బరు పొర ఉబ్బి చెడును.

5. స్టీరింగు పరీక్షలు

స్టీరింగు బరువెక్కినంతమాత్రమున పంపును నిందింపరాదు. ముందు చక్రములలో గాలి తగ్గినను, బండిపై బరువు మితిమీఱినను, కింగ్‌పిన్నులకు గ్రీజు లేకున్నను స్టీరింగు బరువగును. ఈ మూడును ఖర్చు లేకయే చూడదగినవి.

పిమ్మట డబ్బాలోని నూనె మట్టము చూడుడు. తగ్గినచో ఎచ్చట కారినదో కనుగొనుడు. మూసియున్న మార్గములో నూనె తనంతట తఱుగదు. నూనెలో నురుగు కనబడి, త్రిప్పునపుడు ‘గుయ్’ మను మ్రోత వచ్చినచో పీల్చు పైపులో గాలి చొచ్చినది. చక్రమును చివరవఱకు త్రిప్పినపుడు కీచుమని అఱచినచో బెల్టు జారుచున్నది. నూనె మట్టమును బెల్టును బాగున్నను రెండువైపులను బరువుగానున్నచో పంపును అనుమానింపవచ్చును. ఒకవైపు తేలికగాను, రెండవవైపు బరువుగాను నున్నచో పంపు మంచిది. స్టీరింగు బాక్సులోని వాల్వును గాని సీళ్లను గాని చూపించవలయును.

బాక్సా, కింగ్‌పిన్నా యని తేల్చుటకు సులభోపాయము కలదు. ముందు ఇరుసును జాకీతో లేపి, గట్టి దిమ్మెలపై నిలిపి, మెకానిక్కుచే డ్రాగ్ లింకు విప్పించి, చక్రములను చేతితో త్రిప్పిచూడుడు. చక్రములు గట్టిగానున్నచో లోపము కింగ్‌పిన్నులది. తేలికగా తిరిగినచో లోపము బాక్సుదో పంపుదో. అప్పుడు ఒత్తిడి గేజి పెట్టించి ఆ రెంటిలో నేదియో తేల్చవచ్చును. జాకీ మీదనే బండి నుంచి క్రింద దూరుట ఎన్నడును చేయరాదు.

బ్రేకు నూనెను స్టీరింగు డబ్బాలోను, స్టీరింగు నూనెను బ్రేకు డబ్బాలోను పోయకుడు. ఒకదాని రబ్బరు సీళ్లకు మఱియొక నూనె విషము వంటిది. స్టీరింగు నూనె ఒక్క చుక్క బ్రేకు డబ్బాలో పడినను లోపలి వాషర్లు ఉబ్బి బ్రేకులు పట్టివేయవచ్చును.

6. ఒక ఉదాహరణము

ఒక బండికి రెండు వారములుగా ఇంజను ఆయిలు తగ్గుచున్నదనుకొందము. నేలపై చుక్క పడుటలేదు. పొగ గొట్టమునుండి నీలిపొగయు లేదు. ఉదయమున మొదటి త్రొక్కునకు బ్రేకు గట్టిగానున్నది. కొంతసేపు నడిచిన పిదప సరియగుచున్నది. బ్యాటరీ దీపము అప్పుడప్పుడు మినుకుమినుకుమనుచున్నది. ఈ మూడు గుర్తులను వేర్వేఱుగా చూచినచో ఇంజను మేస్త్రీ కడకును, బ్రేకు మేస్త్రీ కడకును, ఎలక్ట్రీషియను కడకును పోవలయును. కలిపి చూచినచో మూడును ఒకేచోట కలియును: ఆల్టర్నేటరు వెనుకనున్న వాక్యూమ్ పంపు. దాని సీలు చెడి ఆయిలు ఆల్టర్నేటరులోనికి పోవుచున్నది. రెక్కలు అరిగి శూన్యము మెల్లగా ఏర్పడుచున్నది. ఆల్టర్నేటరు క్రింది రంధ్రమున వ్రేలు పెట్టి, ఆయిలు తగిలినచో రోగము దొరికినట్లే. ఈ పరీక్షను ఇంజను ఆపి, చల్లారిన పిదప చేయవలయును.

7. దారిలో లోపము వచ్చినచో

బ్రేకు గట్టిపడిన క్షణమున డ్రైవరు భయపడి పెడలును మరల మరల కొట్టుట సహజము. అది తప్పు. ప్రతి త్రొక్కును బూస్టరులో మిగిలిన శూన్యమును ఖర్చుచేయును. ఒక్కసారి బలమంతయు పెట్టి త్రొక్కి పట్టియుంచవలయును. తోడ్పాటు పోయినను నూనె బ్రేకు పనిచేయుచునే యుండును. కాలు బలము మాత్రము చాల ఎక్కువ కావలయును. గేరును ఒక్కొక్కటిగా తగ్గించి, హ్యాండ్ బ్రేకును మెల్లమెల్లగా లాగుచు, హారను మ్రోగించుచు బండిని ప్రక్కకు తేవలెను. ఇంజనును ఆపరాదు. స్టీరింగు బరువెక్కినను చక్రములు తిరుగును. రెండు చేతులతో గట్టిగా పట్టి త్రిప్పవలయును. నిలిచిన పిదప, లోపము తెలిసి బాగగువఱకు బరువుతో కదలరాదు.

డీజిలు మిగులునని చెరువు కట్టనుండియో, మాన్వాడవద్దనున్న మిడ్ మానేరు జలాశయపు కట్టవంటి ఎత్తునుండియో దిగునపుడు ఇంజను ఆపి బండిని వదలు డ్రైవరులు కొందఱు కలరు. పై సంగతులు తెలిసినవాడు ఆ పని చేయడు. ఇంజను ఆగినపుడు శూన్యము రెండు మూడు త్రొక్కులకే చెల్లును. స్టీరింగు తోడ్పాటు అప్పటికప్పుడే పోవును. ఇంజను పట్టును పోవును. నిండు ధాన్యపు బండికి మిగులు డీజిలు కొన్ని చుక్కలు. పోవునది కట్ట క్రింద నడచుచున్న వారి ప్రాణము.

8. బండి పుస్తకము

అనేకులు నడుపు బండికి దిక్కు లేకపోవుట వాడుక. ఉదయము నడిపినవాడు గమనించిన చప్పుడు సాయంత్రము నడుపువానికి తెలియదు. కావున ప్రతి బండియందును ఒక చిన్న పుస్తకమును పెట్టుడు. వారమున కొకసారి, ఇంజను చల్లగానున్నపుడు, ఇంజను ఆయిలు మట్టము, స్టీరింగు నూనె మట్టము, బ్రేకు నూనె మట్టము, బెల్టు బిగువు, చక్రముల గాలి వ్రాయవలయును. నెలకొకసారి పైన చెప్పిన మొదటి రెండు బ్రేకు పరీక్షలు చేసి ఫలితమును వ్రాయవలయును. పదినిమిషములు పట్టని పని ఇది. మెకానిక్కు కడకు పోవునపుడు ఈ పుస్తకమును చూపినచో అతనికి దారి దొరకును. లేని లోపమునకు మనచే డబ్బు పెట్టించుటయు కష్టమగును.

ధాన్యము కేంద్రమునకు చేరు దినములు సమీపించినపుడు గోనెసంచులను, టార్పాలినులను ఎట్లు ముందుగా సమకూర్చుకొందుమో, అట్లే బరువు నెత్తుకొనక ముందు బండిని పరీక్షించుకొనుట మన సభ్యులకు అలవాటు కావలయును. కిరాయి బండిని పిలుచు రైతును, ధర యడుగుటకు ముందు, ఇంజను ఆపించి పెడలు నొకసారి త్రొక్కి చూడవచ్చును. మంచి డ్రైవరు దానికి కోపింపడు.